మీకు తెలుసా? కొండల నుంచి న్యూయార్క్ కుళాయికి

న్యూయార్క్ మహానగరం రోజూ దాదాపు 380 కోట్ల లీటర్ల నీరు వాడుతుంది. అందులో అధిక భాగం నగరానికి ఉత్తరాన, 200 కిలోమీటర్ల దూరం దాకా పరుచుకున్న క్యాట్‌స్కిల్ కొండలు, డెలావేర్ నదీ పరీవాహక ప్రాంతంలోని జలాశయాల నుంచే వస్తుంది.

1842లో దగ్గరలోని క్రోటన్ నది నీటిని నగరానికి మళ్లించారు. జనం పెరిగేసరికి అది చాలలేదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో క్యాట్‌స్కిల్ కొండల్లో అశోకన్ జలాశయం కట్టడం కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. సమాధులను సైతం తవ్వి వేరేచోటికి మార్చారు. నగరం దాహం తీర్చడానికి ఆ పల్లెలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

ఇంత నీరూ దాదాపుగా పంపులు లేకుండానే, పల్లానికి పారే తన గుణంతోనే నగరం చేరుతుంది. హడ్సన్ నది అడ్డొచ్చినచోట క్యాట్‌స్కిల్ నీటిని తెచ్చే సొరంగం సముద్రమట్టానికి 330 మీటర్లకు పైగా లోతున, రాతిలోంచి సాగుతుంది. ఎగువ నీటి ఒత్తిడే ఆ నీటిని ఆవలి గట్టున తిరిగి పైకి తెస్తుంది. డెలావేర్ సొరంగం పొడవు ఏకంగా 137 కిలోమీటర్లు!

మరింత అబ్బురమైన సంగతి: ఈ కొండనీటిని వడపోయరు. క్లోరిన్, అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మజీవులను చంపుతారంతే. నీరు మలినం కాకుండా నగరమే ఎగువన అడవి భూములు కొంటుంది, పశువుల పేడ వాగుల్లో కలవకుండా రైతులకు సాయపడుతుంది. క్రోటన్ నీటిని మాత్రం 2015 నుంచి వడపోత కేంద్రంలో శుద్ధి చేస్తున్నారు.