తాత గడ్డం కత్తి పార్సిల్ చేయాలా? నేను చేసిన తప్పు మీరు చేయొద్దు

ఈరోజు ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఇదిగో, ఇది. మా తాత ఊరందరికీ క్షవరం చేసిన కత్తి. పొది తెలుసా? కత్తి, కత్తెర, నూరుడు రాయి పెట్టుకుని ఇంటింటికీ తిరిగే తోలు సంచి. ఆ పొదిలో మిగిలింది ఇదొక్కటే.

పదును పెట్టిద్దామని బెంగళూరులో ఒకాయన్ని వెతికి పట్టుకున్నా. వీధిలో సాన పట్టేవాళ్లకి ఇవ్వొచ్చు కదా అంటారు. కత్తిపీటకైతే వాళ్లే బెస్ట్. దీనికి మాత్రం వద్దు. ఆ చక్రం దగ్గర నిప్పురవ్వలు చూశారుగా, ఆ వేడికి పల్చటి అంచులో ఉక్కు గట్టిదనం పోతుంది. తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. రాళ్ల మీద చేత్తోనే నూరాలి.

సరే, మొదటిసారి ఏం చేశానంటే, మడిచి, న్యూస్ పేపర్ చుట్టి, కవర్లో పెట్టి పంపేశా. బీటెక్ చదివాం కదా, అంత తెలివి! అందాక ఆయన ఫొటో పెట్టారు. కవర్ చీల్చుకుని కత్తి మొన బయటికొచ్చేసింది. తెచ్చిన అబ్బాయి వేలు తెగలేదు, అదే అదృష్టం. అంచుకి మాత్రం చిన్న పెచ్చు ఊడింది. నాన్నకి ఎలా చెప్పాలో అర్థం కాలేదు.

ఎందుకలా అయ్యింది? ఈ కత్తికి లాక్ ఉండదు. పిడి దగ్గరున్న చిన్న మేకు బిగువే ఆధారం. పాతదైతే అది వదులవుతుంది, బండి కుదుపులకి తెరుచుకుంటుంది. మన వెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, బాగా నూరిన అంచు ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. పిడికి తగిలినా చాలు, దెబ్బతింటుంది.

అందుకే రెండోసారి ఇలా ప్యాక్ చేశా. ముందు అన్ని వైపులా ఫొటోలు తీశా. మెత్తటి గుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె పల్చగా రాశా. కొబ్బరి నూనె వద్దు, జిగురుగా అయిపోతుంది. కత్తి మడిచి, చుట్టూ కాగితం చుట్టి, ఆ కాగితం మీద టేపు వేశా. నేరుగా పిడికి అంటించొద్దు ప్లీజ్, పాత కొమ్ము పిడి అయితే పైపొర లేచిపోవచ్చు. తర్వాత పీవీసీ పైపు ముక్క, రెండు వైపులా మూతలు. కత్తి లోపల కదలకుండా గుడ్డ కుక్కా. ఊపి చూడండి, చప్పుడు వస్తే మళ్లీ కుక్కండి. పైపు మీద 'లోపల పదునైన కత్తి, జాగ్రత్తగా విప్పండి' అని రాసి, నా ఫోన్ నంబర్ కూడా రాసి, అట్టపెట్టెలో పెట్టా.

కౌంటర్లో దాచకుండా చెప్పండి. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే సరైన రక్షణ లేని పదునైన పనిముట్టు పంపకూడదని ఉంది. 2023లో దాని బదులు కొత్త చట్టం వచ్చింది. కొరియర్‌లో ఒక్కొక్కరి రూల్ ఒక్కోలా ఉంటుంది, ముందే అడగండి. ఇన్సూరెన్స్ చేయించండి, డబ్బులొచ్చినా తాత కత్తి రాదనుకోండి.

నూరే ఆయనకి కూడా ఒక మాట చెప్పా. మెషిన్ పాలిష్ వద్దు, మచ్చలు ఉండనీ, తిరిగి అదే పైపులో పంపండి అని.

మొన్న వచ్చింది. పెచ్చు పోయింది, వెడల్పు కొంచెం తగ్గింది. నాన్న ఏం మాట్లాడలేదు, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి మళ్లీ పొదిలో పెట్టేశారు. తోలు తేమ పట్టుకుంటుంది కదా, రాత్రి నేనే తీసి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టా.