వడియాల ఎండకి మీటరు!

"మేడంతా ఆ పలకలు పరిచేస్తే ఇంక వడియాలు ఎక్కడ పెట్టుకుంటావే?"

మా ఇంటి మీద సోలారు పలకలు పెట్టిస్తున్నామని ఫోన్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎంతవుతుందని అడగలేదు, ఎందుకని అడగలేదు. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం అప్పడాలు, ఊరమిరపకాయలు, మామిడి తాండ్ర... ఎండని మన ఆడవాళ్ళు వాడుకున్నంత పొదుపుగా ఇంకెవరు వాడుకున్నారు చెప్పండి!

"మూడు కిలోవాట్లకి మూడు వందల చదరపు అడుగులు చాలమ్మా. మిగతా మేడంతా నీదే" అన్నాను నవ్వుతూ.

ఇంతలో నాన్న ఫోను అందుకున్నారు. "బొగ్గు పెట్టిన అన్నం తిని పెరిగినదానివి. ఇప్పుడది చేదైందా అమ్మలూ?" అనేసి ఫోను పెట్టేశారు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

బొగ్గు కాలనీ పిల్లని

నేను పుట్టి పెరిగింది ఒక థర్మల్ కేంద్రం కాలనీలో. నాన్న బాయిలర్ సెక్షన్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. నైట్ షిఫ్టు నుంచి ఆయన వచ్చే వేళకి మేం బడికి బయల్దేరేవాళ్ళం. సాయంత్రం దండెం మీది బట్టలు తీస్తే బూడిద రాలేది. అమ్మ ప్రతి చీరా రెండుసార్లు దులిపి గానీ మడత పెట్టేది కాదు. తెల్ల యూనిఫారాల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కానీ ఆ బొగ్గు జీతంతోనే నా డిగ్రీ, అన్నయ్య ఇంజినీరింగు, నా పెళ్ళి జరిగాయి. వేసవి సెలవుల్లో పల్లెల్లో కరెంటు లేక మా పెదనాన్న పిల్లలు ఫ్యాను గాలి కోసం మా కాలనీకి వచ్చేవాళ్ళు. "మీ నాన్న దేశానికి దీపం పెడతాడే" అనేది మా నాయనమ్మ గర్వంగా.

అందుకే ఆయన మాట ముల్లులా గుచ్చుకుంది. నేను పెట్టబోయేది గాజులు చేయించుకోవాలని దాచుకున్న చీటీ డబ్బు. మావారు మాత్రం తేలిగ్గా అనేశారు. "నీ డబ్బు, నీ ఇష్టం. మామయ్యగారికి మాత్రం నువ్వే సర్దిచెప్పుకో."

2025 ఏప్రిల్లో పలకలు బిగించారు. ఖర్చు లక్షా తొంభై వేలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ వచ్చింది. రెండు కిలోవాట్లు పెట్టుకునేవాళ్ళకి 60 వేలు ఇస్తారు. పెట్టించాం సరే, నాన్న మాత్రం చూడ్డానికి రాలేదు.

పేరున్నవాళ్ళంతా పనిచేస్తారా?

జూలైలో ఒకరోజు పేపర్లో వార్త చూశాను. మన దేశపు విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటివి కాని వనరులదేనట! 2030కి చేరాలనుకున్న లక్ష్యాన్ని అయిదేళ్ళ ముందే చేరాం. ఆ కటింగు పట్టుకుని పరీక్షకి తయారైనట్టు తయారై, "ఒక్కసారి రండి నాన్నా" అని బతిమాలి అమ్మనీ నాన్ననీ రప్పించుకున్నాను.

నాన్న కళ్ళజోడు సవరించుకుని కటింగంతా చదివారు. ఆ తర్వాత నవ్వారు.

"సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరే పిచ్చిదానా. పెళ్ళికి పిలిచిన వాళ్ళందరూ వడ్డనకి వస్తారా? హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన రాత్రి డ్యూటీ చేసినట్టు కాదు."

ఆ తర్వాత కాయితం తీసుకుని లెక్క వేసి చూపించారు. 2024-25లో దేశంలో వంద యూనిట్ల కరెంటు పుడితే దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గువే. నీటి నుంచి ఎనిమిది, ఎండ నుంచి ఇంచుమించు ఎనిమిది, గాలి నుంచి నాలుగైదు, అణు కేంద్రాల నుంచి మూడు. మిగిలిన కాస్త గ్యాసు వగైరా. ఎండ రాత్రి ఉండదు, గాలి అడిగినప్పుడు వీచదు. కిలోవాటు పలక రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తే గొప్ప. బొగ్గు యూనిటు మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది.

నేనేం తక్కువ తిన్నానా? "మరి 2014లో దేశం మొత్తం మీద సోలారు మూడు వేల మెగావాట్లు కూడా లేదు. 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది. ధర చూడండి. 2010 చివర్లో యూనిటు పన్నెండు రూపాయల దాకా పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో రెండు రూపాయల నలభై నాలుగు పైసలకి దిగింది. మన కర్నూలు దగ్గర ఓర్వకల్లు బీళ్ళలో 2017లోనే వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది. మీ రామగుండంలోనే, ఎన్టీపీసీ జలాశయం నీళ్ళ మీద 2022లో వంద మెగావాట్ల పలకలు తేలుతున్నాయి!"

"బొగ్గు కేంద్రం చెరువులోనే సోలారా?" అన్నారు నాన్న. అప్పుడు మాత్రం ఆయన ముఖంలో కుతూహలం కనిపించింది.

దీపాలు పెట్టే వేళ

అసలు చిక్కు మన వంటింట్లోనే ఉందని ఆరోజే తెలిసింది నాకు. 2024 మే 30న దేశంలో కరెంటు వాడకం రెండున్నర లక్షల మెగావాట్లకి చేరింది. మండే మధ్యాహ్నాల్లో ఏసీలకి ఎండే కరెంటు ఇస్తుంది. అడిగిన వేళకే వచ్చే చుట్టంలాంటిది అది. కానీ పొద్దు వాలాక? మనం దీపాలు పెట్టి, టీవీ వేసి, మిక్సీ తిప్పే వేళకే సూర్యుడు ఇంటికి వెళ్ళిపోతాడు. అప్పుడు బరువంతా బొగ్గు మీదా, నీటి మీదా పడుతుంది.

"దానికీ మందుంది" అని నాన్నే చెప్పారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో టర్బైన్లు రెండు వైపులా తిరుగుతాయట. కరెంటు మిగిలినప్పుడు కిందికి వదిలిన నీటినే మళ్ళీ పైకి తోడుకుని, అవసరమైన వేళ కిందికి వదిలి కరెంటు తీస్తాయి. పగటి ఎండని రాత్రికి దాచుకోవడానికి ఇలాంటివీ, పెద్ద పెద్ద బ్యాటరీలూ కావాలి. పచ్చడి జాడీలో ఎండని దాచుకున్న మనకి ఈ సంగతి వేరే చెప్పాలా!

అందుకే ఇప్పుడు వాషింగ్ మిషను, ఇస్త్రీ, నీళ్ళ మోటారు, ఇడ్లీ పిండి రుబ్బడం పదింటి నుంచి మూడింటి లోపే కానిచ్చేస్తున్నాను. నెట్ మీటరు ఉంది కాబట్టి నా బిల్లులో పెద్ద తేడా ఏమీ రాదు. సాయంత్రం పూట గ్రిడ్డు మీద భారం మాత్రం ఆ మేరకు తగ్గుతుంది.

మరి బొగ్గు మీద బతికేవాళ్ళు?

రాత్రి భోజనాలయ్యాక నాన్న అసలు బాధ బయటపెట్టారు. "నాది అయిపోయింది తల్లీ. మన కాలనీ దగ్గర టీ కొట్టు, బొగ్గు లారీ డ్రైవరు, కాంట్రాక్టు కూలీ... వాళ్ళ సంగతేమిటి?"

నా దగ్గర జవాబు లేదు. 2024 ఆగస్టులో పాల్వంచలో మూతపడిన పాత థర్మల్ యూనిట్ల కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేస్తుంటే నాన్న టీవీ కట్టేయమన్నారట. అమ్మ చెప్పింది. పర్మినెంటు ఉద్యోగిని ఇంకో యూనిట్‌కి మార్చొచ్చు. టీ కొట్టుని ఎవరు మారుస్తారు?

సోలారు పార్కుల దగ్గరా ఇదే ప్రశ్న. కర్ణాటకలోని పావగడలో రైతుల దగ్గర భూములు కొనకుండా కౌలుకి తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఆ పొలాల్లో కలుపు తీసిన కూలీ ఆడవాళ్ళకి కౌలు డబ్బు రాదు కదా! సింగరేణి తన స్థలాల్లో తనే సోలారు కేంద్రాలు పెట్టుకుంటోంది. ఆ దారిలో బొగ్గు ఊళ్ళ పిల్లలకి ముందుగా పని నేర్పి, ముందుగా ఉద్యోగాలిస్తే నాన్న ప్రశ్నకి సగమైనా జవాబు దొరుకుతుంది. ఆ మాట మనం అడగాలి. పథకాలు వేసేవాళ్ళకి టీ కొట్టు కనిపించదు.

ఎండ మండుతోంది... ఫ్యాను ఆగింది!

మర్నాడు పట్టపగలు కరెంటు పోయింది. మేడ మీద ఎండ మండిపోతోంది, కింద ఫ్యాను ఆగిపోయింది! "రెండు లక్షలు పోసి ఇదేం చోద్యమే?" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్నే చెప్పారు. బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకి కలిపిన సోలారు, కరెంటు పోగానే తానూ ఆగిపోవాలి. "లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు. పోయిన లైన్లోకి నీ మేడ మీది కరెంటు వెళితే వాడి భార్య గతేం కాను?"

పెట్టించుకునే ముందు ఈ సంగతి మీరూ తెలుసుకోండి. కరెంటు పోయినప్పుడూ వెలుగు కావాలంటే బ్యాటరీ ఉన్న పద్ధతి అడగాలి. దానికి ఖర్చు ఎక్కువ. పలకలు పాతికేళ్ళ దాకా పనిచేస్తాయి గానీ, దుమ్ము పేరుకుంటే తక్కువిస్తాయి. చెట్టు నీడా, పక్కింటి గోడ నీడా పడకుండా చూసుకోవాలి. అద్దె ఇళ్ళలో, అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకి ఇది ఇంత సులువు కాదు. వాళ్ళు పనులు పగటిపూటకి మార్చుకున్నా మేలే.

లాగ్‌బుక్కు

వారం ఉండి వెళ్దామనుకున్న నాన్న దసరా దాకా ఉన్నారు. రెండో రోజే పిల్లల పాత నోట్సు ఒకటి తీసుకుని గీతలు గీశారు. తేదీ, వాతావరణం, యూనిట్లు... అచ్చం షిఫ్టు లాగ్‌బుక్కే! పొద్దున్నే మేడెక్కి మెత్తటి గుడ్డతో పలకలు తుడిచేవారు.

ముసురు పట్టిన రోజున రెండే యూనిట్లు వచ్చాయి. "ఇవాళ మీ సూర్యుడు సెలవు పెట్టాడు. డ్యూటీ మా బొగ్గుదే" అన్నారు. ఎండ బాగా కాసిన రోజున పన్నెండు వచ్చాయి. చాలాసేపు లెక్కలు వేసి, "యూనిట్‌కి ఏడు వందల గ్రాముల బొగ్గనుకున్నా, ఈ పూట ఎనిమిది కిలోలు మిగిల్చావే అమ్మలూ" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. వ్యాను ఎక్కించిన సరుకు లెక్క చెప్పినట్టు చెప్పారు.

దేశం లెక్కలో ఎనిమిది కిలోలు ఏపాటి? కానీ అమ్మ దులిపిన బూడిదలో ఆ పాటి తగ్గినా నాకు చాలు.

సంక్రాంతి వెళ్ళాక అమ్మ మళ్ళీ వచ్చింది. పలకల పక్కన పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. నాన్న కాకుల్ని తోలుతూ కూర్చున్నారు, ఒళ్ళో లాగ్‌బుక్కు పెట్టుకుని. ఆరోజు 'వాతావరణం' అన్న గడిలో ఆయన ఏం రాశారో తెలుసా?

"వడియాల ఎండ."

ఇప్పుడు నా చేతులకి గాజులు లేవు. ఆ పుస్తకం మాత్రం బీరువాలో గాజులుండాల్సిన చోట ఉంది.