మీకు తెలుసా? పుక్కిట పట్టడం వేరు, పుక్కిలించడం వేరు

ద్రవౌషధాన్ని నోట ఉంచుకొని ఉమ్మివేసే చికిత్సకు ఆయుర్వేదంలో రెండు పేర్లున్నాయి: కదల్చడానికి వీలులేనంతగా నోరు నింపి పట్టి ఉంచితే గండూషం, బుగ్గల మధ్య ఆడించగలిగినంత కొద్దిగా తీసుకొని తిప్పితే కవళం. వాగ్భటుడి 'అష్టాంగ హృదయం' గండూషాన్ని స్నిగ్ధం, అంటే నూనె వంటి జిడ్డు ద్రవంతో చేసేది, శమనం, అంటే దోషాన్ని శాంతింపజేసేది, శోధనం, అంటే శుభ్రపరిచేది, రోపణం, అంటే పుండును మాన్పేది అని నాలుగు విధాలుగా చెప్పి, నోరు కఫంతో నిండేవరకు లేదా కళ్లూ ముక్కూ నీరు కారేవరకు ఆ ద్రవాన్ని ఉంచాలని నిర్దేశించింది. గడియారం లేని కాలానికి ఇది చక్కని కొలతే.

నువ్వుల నూనెతో నేడు చేసే ఆయిల్ పుల్లింగ్‌కు మూలం ఇదే అయినా, తగిన ఆధారాలు లేవన్న కారణంతో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దానిని సిఫారసు చేయడం లేదు.

ఆధునిక దంతవైద్యంలో ఇలా నోట పట్టి ఉమ్మివేసే మందు స్థానం క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవనాశక ద్రావణానిది. బ్రష్ వాడకపోయినా 0.2 శాతం ద్రావణాన్ని రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పాచి, అంటే పళ్లపై పేరుకునే సూక్ష్మజీవుల పొర, ఏర్పడదని పరిశోధకులు హారాల్డ్ లో, షియోట్ 1970లో చూపారు. ధనావేశం గల ఈ మందు పళ్లకూ నోటి లోపలి పొరకూ అంటుకొని గంటల తరబడి మెల్లగా విడుదలవుతుంది కాబట్టి, చిగుళ్ల శస్త్రచికిత్స తరువాత బ్రష్ చేయలేని రోగికి కొద్దికాలం దీన్ని సూచిస్తారు. ఎక్కువకాలం వాడితే పళ్లపై గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. టూత్‌పేస్టులోని నురుగు పదార్థం దీని శక్తిని తగ్గిస్తుంది కనుక రెండింటి నడుమ కనీసం అరగంట విరామం అవసరం.