పై పొర దగ్గర ఆగిన ఆలోచన

జూలియస్ ఎడ్గార్ లిలియెన్‌ఫెల్డ్ 1925 అక్టోబరులో కెనడాలో ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలోనూ పెట్టాడు, అది 1930 జనవరిలో మంజూరైంది. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన ఈ శాస్త్రవేత్త అందులో చెప్పిన విషయం సూటిగా ఉంటుంది. పలచని అర్ధవాహకపు పొర గుండా కరెంటు పారుతూ ఉంటుంది. దాని పక్కనే ఒక లోహాన్ని పెట్టి దానికి వోల్టేజి ఇస్తే, పొరలో పారే కరెంటును మన ఇష్టప్రకారం పెంచవచ్చు, తగ్గించవచ్చు. లోహంలోంచి పొరలోకి కరెంటు పారనక్కర్లేదు, లోహం చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రమే ఆ పని చేసిపెడుతుంది. 1928లో పెట్టిన మరో దరఖాస్తులో లోహానికీ పొరకూ నడుమ అల్యూమినియం ఆక్సైడును బంధకంగా వాడాడు. లోహం, ఆక్సైడు, అర్ధవాహకం: ఇవాళ మన ఫోన్లలో వందల కోట్ల సంఖ్యలో ఉన్న ట్రాన్సిస్టర్ల అమరిక స్థూలంగా ఇదే.

పనిచేసే నమూనాను ఆయన లోకానికి చూపించిన దాఖలా లేదు. 1934లో జర్మనీలో ఆస్కర్ హైల్ కూడా ఇలాంటి ఆలోచనకే పేటెంటు కోరాడు, అదీ కాగితం దాటలేదు. ఈ ఇద్దరి లెక్కలోనూ తప్పేమీ లేదు. అడ్డుపడింది అర్ధవాహకపు ఉపరితలం, అందులోనూ అణువులంత మందం ఉన్న పై పొర. ఇలా క్షేత్రంతో నడిచే ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ చరిత్రలో సగం ఆ పై పొరతో చేసిన పోరాటమే అని నా అభిప్రాయం.

ఆ సంగతి తెలిసింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. 1945లో విలియం షాక్లీ ఇలాంటి ప్రయోగాన్నే తనకు తానుగా రూపొందించాడు. పలచని సిలికాన్ పొర మీద బలమైన విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తే కరెంటు ఎంత మారాలో కాగితం మీద తేల్చాడు. ప్రయోగంలో ఆ మార్పు జాడ కూడా కనబడలేదు. జాన్ బార్డీన్ 1946లో కారణం చెప్పాడు. స్ఫటికం లోపల ప్రతి సిలికాన్ అణువూ నాలుగు పక్కల ఉన్న నాలుగు అణువులతో బంధం కలుపుకుని ఉంటుంది. ఉపరితలం మీది అణువుకు పైన పొరుగు అణువు లేదు, అందుచేత ఒక బంధం జత లేకుండా మిగిలిపోతుంది. ఇలా మిగిలినవన్నీ ఎలక్ట్రాన్లను పట్టి బంధించే గూళ్లు. బయటి నుంచి ఎంత క్షేత్రం ప్రయోగించినా, దానికి స్పందించి వచ్చే ఎలక్ట్రాన్లన్నీ ఈ గూళ్లలోనే చిక్కుకుని, లోపలి పదార్థానికి క్షేత్రం తగలకుండా అడ్డంగా నిలబడతాయి.

ఈ ఉపరితలాన్ని అర్థం చేసుకునే ప్రయత్నాల్లోనే బార్డీన్, వాల్టర్ బ్రాటైన్ 1947 డిసెంబరులో పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టారు. అది ఫీల్డ్ ఎఫెక్ట్ పద్ధతిది కాదు. ఆ తర్వాత షాక్లీ రూపొందించిన జంక్షన్ ట్రాన్సిస్టర్ కూడా కాదు. 1956లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు పుట్టిన ఆలోచన మాత్రం పక్కన పడి ఉంది.

షాక్లీ దాన్ని వదిలిపెట్టలేదు. ఉపరితలం సహకరించకపోతే దాని జోలికే పోకుండా కరెంటు దారిని స్ఫటికం లోపలే పెడదామన్నాడు. 1952లో ఆయన ప్రచురించిన ఈ పరికరమే జంక్షన్ ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్, మన పాఠ్యపుస్తకాల్లోని జేఫెట్. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లోనే డేసీ, రాస్ దాన్ని తయారుచేసి పనిచేయించారు. కరెంటు మోసే కణాలు బయలుదేరే కొస సోర్స్, చేరే కొస డ్రైన్, నడుమ దారి చానెల్, దాన్ని ఇరుకు చేసేది గేటు. గేటుకు రుణ వోల్టేజి పెంచేకొద్దీ దాని చుట్టూ ఎలక్ట్రాన్లు లేని ప్రాంతం విస్తరించి చానెల్ సన్నబడుతుంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివిన చాలామందికి ఈ పరికరం బీఎఫ్‌డబ్ల్యూ 10 రూపంలో పరిచయం. గేటు వోల్టేజిని ఒకచోట నిలిపి, డ్రైన్ వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ కరెంటును రికార్డులో రాసుకుని, గ్రాఫు గీయాలి. ఆ గీత మొదట నిటారుగా లేస్తుంది, తర్వాత వంగుతుంది, ఆపైన దాదాపు అడ్డంగా సాగిపోతుంది. ఈ మూడు భాగాల్లో పరికరం స్వభావమంతా ఉంది. గ్రాఫు అందంగా వచ్చిందా లేదా అన్న ఆరాటంలో దాన్ని తీరిగ్గా చూసే అవకాశం విద్యార్థికి దొరకదు, అది నాకు బాధగా ఉంటుంది.

నిటారుగా లేచే భాగం లీనియర్ ప్రాంతం. ఇక్కడ డ్రైన్ వోల్టేజి చిన్నది, చానెల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరుచుకుని ఉంటుంది. పరికరం మామూలు రెసిస్టరులా ప్రవర్తిస్తుంది, ఆ రెసిస్టరు విలువను నిర్ణయించేది గేటు. డ్రైన్ వోల్టేజి పెరిగేకొద్దీ డ్రైన్ వైపు చానెల్ ఎక్కువగా ఇరుకవుతుంది, ఎందుకంటే గేటుకూ చానెల్‌కూ మధ్య వోల్టేజి తేడా ఆ కొసనే ఎక్కువ. గీత వంగేది అందుకే. ఒక హద్దు దగ్గర ఆ కొస పూర్తిగా మూసుకుపోతుంది. దీన్నే షాక్లీ పించ్ ఆఫ్ అన్నాడు.

దారి మూసుకుపోతే కరెంటు ఆగిపోవాలి కదా? ఆగదు. చానెల్ పొడవునా వోల్టేజి పడిపోతూ రావడం వల్లనే ఆ కొస మూసుకుపోయింది, ఆ పడిపోవడానికి కారణం పారుతున్న కరెంటే. కరెంటు ఆగితే మూసుకుపోవడానికి కారణమే లేకుండా పోతుంది. నిజంగా జరిగేది వేరు. మూసుకున్న చిన్న ముక్కలో విద్యుత్ క్షేత్రం చాలా బలంగా ఉండి, అక్కడి దాకా వచ్చిన ప్రతి ఎలక్ట్రాన్‌నూ డ్రైన్‌లోకి లాగేస్తుంది. కాలువ చివర నీళ్లు గుంటలోకి దూకుతున్నాయనుకోండి, గుంటను ఇంకో నాలుగడుగులు లోతు తవ్వినంత మాత్రాన కాలువలో వచ్చే నీళ్లు పెరగవు, ఎంత రావాలో ఎగువనే తేలిపోయింది. అలాగే డ్రైన్ వోల్టేజిని ఇంకా పెంచినా కరెంటు పెద్దగా పెరగదు. ఈ అడ్డగీతే శాచురేషన్ ప్రాంతం. గేటు దగ్గరి చిన్న మార్పు కరెంటులో పెద్ద మార్పుగా కనబడేది ఇక్కడే కాబట్టి యాంప్లిఫయర్లకు ఈ చోటు కావాలి.

అంకెల్లో చూద్దాం. గేటు సున్నా వోల్టుల దగ్గర ఒక జేఫెట్ గరిష్ఠంగా 12 మిల్లీయాంపియర్లు ఇస్తుందనీ, గేటు మైనస్ 4 వోల్టులైతే పూర్తిగా ఆగిపోతుందనీ అనుకుందాం. గేటుకు మైనస్ 2 వోల్టులిస్తే కరెంటు సగమై 6 కావాలనిపిస్తుంది. కాదు, అది 3 మిల్లీయాంపియర్లకు పడిపోతుంది. శాచురేషన్‌లో కరెంటు వర్గ సూత్రాన్ని పాటిస్తుంది, సగాన్ని సగంతో గుణిస్తే పావు. ఇక గరిష్ఠ కరెంటు సంగతి. బీఎఫ్‌డబ్ల్యూ 10కి తయారీదారులు ఇచ్చే హద్దు 8 నుంచి 20 మిల్లీయాంపియర్ల దాకా ఉంటుంది. పక్కపక్క బల్లల మీద ఇద్దరు విద్యార్థులకు 9, 17 వచ్చినా ఇద్దరివీ సరైన రీడింగులే. సర్దుబాటు చేసి రాయాల్సిన పని లేదు.

జేఫెట్ ఉపరితలాన్ని తప్పించుకుంది గానీ గెలవలేదు. గెలుపు కూడా బెల్ ల్యాబ్స్‌లోనే, పొరపాటు రూపంలో మొదలైంది. 1955లో కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ కొలిమిలో సిలికాన్ పలకలను వేడిచేస్తుండగా హైడ్రోజన్ అంటుకుని, నీటి ఆవిరి పుట్టి, పలకల మీద గాజులాంటి పొర ఏర్పడింది. సిలికాన్ డయాక్సైడ్ పొర. ఈజిప్టులో పుట్టిన మొహమెద్ అటల్లా ఈ పొరను శుభ్రంగా, పద్ధతిగా పెంచితే ఏమవుతుందో పరీక్షించాడు. జత లేక మిగిలిన సిలికాన్ బంధాలు చాలావరకు ఆక్సిజన్‌తో ముడిపడ్డాయి, గూళ్లు మూతపడ్డాయి. ఇప్పటి తయారీలో మంచి ఆక్సైడు కింద మిగిలే గూళ్లు ఉపరితల అణువుల్లో సుమారు లక్షకు ఒకటి స్థాయిలో ఉంటాయి.

సిలికాన్ మన చుట్టూ నిండిపోవడానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతాను. ఎలక్ట్రాన్లు జెర్మేనియంలో ఇంకా వేగంగా కదులుతాయి. కానీ జెర్మేనియం ఆక్సైడు నీటిలో కరిగిపోతుంది, సిలికాన్ ఆక్సైడు నిలబడుతుంది.

1959లో అటల్లా, కొరియాలో పుట్టిన దావోన్ కాంగ్ కలిసి ఆ ఆక్సైడు మీద లోహపు గేటు పెట్టి పనిచేసే పరికరాన్ని తయారుచేశారు. అదే మాస్‌ఫెట్. లిలియెన్‌ఫెల్డ్ దరఖాస్తుకూ దీనికీ మధ్య 34 ఏళ్లు గడిచాయి. ఆయన 1963 దాకా జీవించాడు.

మాస్‌ఫెట్‌లో గేటుకు వోల్టేజి లేకపోతే చానెలే ఉండదు. సోర్స్, డ్రైన్ ఒక రకం సిలికాన్, నడుమ ఉన్నది వ్యతిరేక రకం. గేటు వోల్టేజి థ్రెషోల్డ్ అనే హద్దు దాటితే ఆక్సైడు కింద ఎలక్ట్రాన్లు పోగై, అప్పటికప్పుడు దారి పుడుతుంది. థ్రెషోల్డుకు దిగువన ఉన్నది కటాఫ్ ప్రాంతం. దాటిన తర్వాత లీనియర్, శాచురేషన్ ప్రాంతాలు జేఫెట్‌లో లాగానే వస్తాయి. థ్రెషోల్డు 1 వోల్టు, గేటు 3 వోల్టులైతే, డ్రైన్ 2 వోల్టులు చేరగానే శాచురేషన్ మొదలవుతుంది.

కాంగ్, అటల్లా 1960లో ఫలితాన్ని ప్రకటించినా బెల్ ల్యాబ్స్ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటి జంక్షన్ ట్రాన్సిస్టర్ల కన్నా ఇది నెమ్మది. పైగా నిలకడ లేదు: ఇవాళ కొలిచిన థ్రెషోల్డు కొంత వేడీ వోల్టేజీ తగిలాక వేరే విలువ చూపించేది. ఈ సమస్యకు మూలాన్ని కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ పరిశోధకులు స్నో, గ్రోవ్, డీల్, సా 1965లో వెలువరించారు. ఆక్సైడులో చేరిన సోడియం అయాన్లు క్షేత్రం తగిలినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతున్నాయి. సోడియం ఎక్కడైనా ఉంటుంది, మనిషి చెమటలో కూడా. అందుకే కొలిమి గొట్టాల నుంచి రసాయనాల దాకా అన్నీ శుద్ధి చేసుకోవాల్సి వచ్చింది. పేరు లేని ఈ శుభ్రత పనే మాస్‌ఫెట్‌ను పరిశ్రమకు ఎక్కించింది.

ఆ ఫెయిర్‌చైల్డ్‌లోనే 1963లో ఫ్రాంక్ వాన్‌లాస్, సా మరో మెట్టు ఎక్కారు. ఎలక్ట్రాన్లతో నడిచే మాస్‌ఫెట్‌నూ, దానికి విరుద్ధంగా ప్రవర్తించే మరో మాస్‌ఫెట్‌నూ జతకట్టారు. స్థిరంగా ఉన్నప్పుడు ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది కటాఫ్‌లో ఉంటుంది, అందుచేత స్థితి మారే క్షణాల్లో తప్ప కరెంటు దాదాపు పారదు. మిల్లీవాట్లలో ఉండే విశ్రాంతి ఖర్చు నానోవాట్లకు దిగింది. సీమాస్ అనే ఈ పద్ధతి కటాఫ్ ప్రాంతం మీద పెట్టుకున్న నమ్మకంతో నిలబడింది.

కటాఫ్‌లో కరెంటు సున్నా అని పుస్తకం రాస్తుంది. సున్నా కాదు. థ్రెషోల్డుకు దిగువన కరెంటు క్రమంగా సన్నగిల్లుతుందే తప్ప ఒక్కసారిగా తెగిపోదు. గది ఉష్ణోగ్రత దగ్గర, ఆదర్శ స్థితిలో, గేటు వోల్టేజి 60 మిల్లీవోల్టులు తగ్గితే కరెంటు పదో వంతుకు పడుతుంది. ఇంతకంటే వేగంగా పడదు, ఎందుకంటే ఎలక్ట్రాన్లకు అడ్డు దాటే శక్తిని ఇస్తున్నది గదిలోని వేడే. ఈ సన్నటి కరెంటునే ఆస్తిగా చేసుకున్నవాళ్లున్నారు. స్విట్జర్లాండ్‌లో ఎరిక్ విటోజ్ బృందం చేతి గడియారాల కోసం, థ్రెషోల్డు కింద ఉన్న ఈ ప్రాంతంలోనే పనిచేసే సర్క్యూట్లను 1970లలో రూపొందించింది.

కంప్యూటర్ చిప్పులకు మాత్రం అదే గుదిబండ అయింది. 1974లో రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపిన మార్గం ప్రకారం, ట్రాన్సిస్టర్‌ను ఎంత కుదిస్తే వోల్టేజినీ అంత తగ్గించాలి, అప్పుడు వేడి అదుపులో ఉంటుంది. వోల్టేజి తగ్గాలంటే థ్రెషోల్డూ తగ్గాలి. థ్రెషోల్డు 600 మిల్లీవోల్టులైతే, గేటు సున్నా దగ్గర కరెంటు ఆదర్శంగా, ఒక్కో దశకు పదో వంతు చొప్పున, పది దశలు కిందికి దిగి ఉంటుంది. 300కు దించితే ఐదు దశలే, అంటే కారే కరెంటు లక్ష రెట్లు ఎక్కువ. ఒక్కో ట్రాన్సిస్టర్ ఒక్క నానోయాంపియరు కార్చినా, వంద కోట్లున్న చిప్పు ఏ పనీ చేయకుండానే ఒక యాంపియరు తాగేస్తుంది. 2005 ప్రాంతం నుంచి ప్రాసెసర్ల గడియార వేగం కొన్ని గిగాహెర్ట్జ్‌ల దగ్గరే ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఆకారం మార్చి ఆ 60 మిల్లీవోల్టుల హద్దుకు వీలైనంత దగ్గరగా ఉండటమే ఇప్పటి పని. చానెల్ మరీ పొట్టిదైతే డ్రైన్ కూడా దాని మీద పెత్తనం చేసి కారడాన్ని పెంచుతుంది. అందుకని బర్క్‌లీలో చెన్‌మింగ్ హూ బృందం చానెల్‌ను పలచని రెక్కలా నిలబెట్టి మూడు వైపుల నుంచి గేటు కప్పే ఫిన్‌ఫెట్‌ను 1990ల చివర రూపొందించింది. 2011లో ఇంటెల్ అలాంటి నిర్మాణాన్నే 22 నానోమీటర్ల తరానికి ప్రకటించింది. 2022లో శామ్‌సంగ్ నాలుగు వైపులా గేటు చుట్టిన ట్రాన్సిస్టర్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. చుట్టూ కప్పేశాక గేటుకు ఇక మిగిలిన వైపు లేదు. 60 మిల్లీవోల్టుల హద్దు దాటాలంటే ఎలక్ట్రాన్లను వేడి మీద ఆధారపడకుండా కదిలించే వేరే సూత్రం కావాలి. టన్నెలింగ్ ట్రాన్సిస్టర్ల మీదా, ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలతో చేసిన గేట్ల మీదా ప్రయోగశాలల్లో పని సాగుతోంది.