హైదరాబాద్ హీరోస్ పేరు మనదే.. మరి డబ్బు ఎవరిది? పెత్తనం ఎవరిది?

ఐపీఎల్‌లో మన జట్టేదంటే టక్కున సన్‌రైజర్స్ అంటారు. కబడ్డీ అయితే తెలుగు టైటాన్స్. మరి రగ్బీలో? అక్కడా ఒకటుంది. దాని పేరు హైదరాబాద్ హీరోస్. 2025 జూన్ 15 నుంచి 29 వరకు జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి సీజన్‌లో ఆడిన ఆరు జట్లలో ఇదొకటి. చెన్నై బుల్స్, ఢిల్లీ రెడ్జ్, ముంబై డ్రీమర్స్, బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్, కళింగ బ్లాక్ టైగర్స్ మిగతా ఐదు. ఫైనల్లో ఢిల్లీని ఓడించి చెన్నై కప్పు ఎగరేసుకుపోయింది.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. ఆ సీజన్‌లోని 34 మ్యాచ్‌లూ ముంబైలోని అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనే జరిగాయి. అంటే హైదరాబాద్ హీరోస్ ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

దీంతో మనకేంటి అనుకుంటున్నారా? రేపు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పిల్లల రగ్బీ క్యాంపు పోస్టర్ పడొచ్చు. మీ కంపెనీ సీఎస్‌ఆర్ టీమ్ టేబుల్ మీదకు ఓ ప్రతిపాదన రావచ్చు. గచ్చిబౌలి స్టేడియం ఎవరికి, ఎంతకు ఇస్తున్నారన్న చర్చ నడవొచ్చు. ఆ మూడింట్లోనూ ముందుగా తెలియాల్సింది ఒకటే. డబ్బు ఏ జేబులోకి వెళ్తోంది, సంతకం పెట్టే అధికారం ఎవరిది?

ఒక ఆట.. రెండు జేబులు

రగ్బీలో ఒక దారి పైనుంచి కిందికి వస్తుంది. డబ్లిన్‌లో ఉన్న వరల్డ్ రగ్బీ, దాని కింద ఆసియా రగ్బీ, ఆ తర్వాత మన దేశంలో రగ్బీ ఇండియా. 1998లో ఏర్పడిన జాతీయ సమాఖ్య ఇదే. నటుడు, ఒకప్పటి జాతీయ జట్టు ఆటగాడు రాహుల్ బోస్ 2021లో దీనికి అధ్యక్షుడయ్యారు. దీని కింద రాష్ట్ర సంఘాలు, జిల్లా సంఘాలు, క్లబ్బులు ఉంటాయి. మీ పిల్లలు రాష్ట్ర జట్టుకు ఆడాలన్నా, జాతీయ పోటీలకు వెళ్లాలన్నా నడవాల్సింది ఈ దారిలోనే.

రెండోది లీగ్. ఆర్‌పీఎల్‌ను రగ్బీ ఇండియాతో కలిసి నడుపుతున్నది జీఎంఆర్ స్పోర్ట్స్. అవును, మన శంషాబాద్ ఎయిర్‌పోర్టును నడిపే జీఎంఆర్ గ్రూపే. ఢిల్లీ క్యాపిటల్స్‌లో వాటా, కబడ్డీలో యూపీ యోధాస్ కూడా వాళ్లవే. ఈ తరహా లీగుల్లో ఫ్రాంచైజీ యజమాని డబ్బు పెట్టి జట్టును తీసుకుంటారు, ఆటగాళ్లకు జీతాలిస్తారు. స్పాన్సర్లు, టీవీ, టికెట్లు, జెర్సీల మీద వచ్చేదాంతో లెక్క సరిచూసుకుంటారు. ఊరి పేరు వాడుకునే హక్కు లీగ్‌తో కుదిరిన ఒప్పందం నుంచే వస్తుంది. జట్టు పేరులో హైదరాబాద్ ఉన్నంత మాత్రాన రాష్ట్ర రగ్బీ సంఘం దానికి యజమాని అయిపోదు. జట్టు గెలిచినంత మాత్రాన రాష్ట్ర సంఘం ఖాతాలో రూపాయి పడదు కూడా. పడాలంటే ఆ మాట ఒప్పందంలో రాసి ఉండాలి.

క్రికెట్‌లోనూ ఇంతే. సన్‌రైజర్స్ సన్ టీవీ సంస్థది. 2012లో ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున పాడి ఫ్రాంచైజీని దక్కించుకున్నారు. ఉప్పల్ స్టేడియాన్ని చూసుకునేది హైదరాబాద్ క్రికెట్ సంఘం. ఇద్దరూ ఒకటే అనుకున్నవాళ్లకు 2025 మార్చిలో తెలిసొచ్చింది. ఉచిత పాసుల కోసం సంఘం వేధిస్తోందని, ఇలాగైతే వేరే వేదిక చూసుకుంటామని సన్‌రైజర్స్ యాజమాన్యం ఏకంగా లేఖ రాసింది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. జులైలో అప్పటి సంఘం అధ్యక్షుణ్ని సీఐడీ అరెస్టు చేసింది. అంతకుముందు 2023లో సంఘం వ్యవహారాలు చక్కదిద్దడానికి సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేయాల్సి వచ్చిన సంగతీ గుర్తుండే ఉంటుంది.

క్రికెట్‌లో డబ్బుకు కొదవ లేదు. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అందులోంచి బీసీసీఐ ద్వారా రాష్ట్ర సంఘాలకూ అందుతుంది. అక్కడ గొడవంతా ఆ డబ్బును ఎవరు చూసుకోవాలన్నదే. రగ్బీ పరిస్థితి వేరు. పంచుకునేంత డబ్బు ఇంకా రాలేదు కాబట్టి, నియమాలు రాసుకోవడానికి ఇదే మంచి సమయం. నన్నడిగితే, లీగ్ ఆదాయంలో ఎంత శాతం రాష్ట్ర సంఘాల జూనియర్ పోటీలకు వెళ్లాలో ఇప్పుడే కాగితం మీద పెట్టాలి. డబ్బు వచ్చాక ఎవరూ రాయరు.

బయట దేశాల్లో ఏం జరిగింది?

రగ్బీ యూనియన్‌లో ఆటగాళ్లకు జీతాలు ఇవ్వొచ్చని అంతర్జాతీయ బోర్డు ఒప్పుకున్నది 1995 ఆగస్టులో. అప్పటిదాకా, కనీసం కాగితం మీద, అది అమెచ్యూర్ ఆటే. ఆ తర్వాత దేశానికో దారి పట్టింది.

ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు ప్రైవేటు యజమానుల చేతుల్లో ఉన్నాయి. ఏటా నష్టాలొస్తున్నా యజమాని జేబులోంచి పెట్టినంత కాలం బండి నడిచింది. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్.. ఏడాది తిరక్కుండానే మూడు పేరున్న క్లబ్బులు అప్పుల్లో మునిగి టాప్ లీగ్ నుంచి మాయమయ్యాయి. ఆటగాళ్లు, సిబ్బంది రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు.

న్యూజిలాండ్‌లో కథ ఇంకో రకం. అక్కడ 26 ప్రావిన్షియల్ యూనియన్లున్నాయి. మన రాష్ట్ర సంఘాల్లాంటివే అనుకోండి. తేడా ఏంటంటే అక్కడ ఓటు బలం వాటిదే. 2022లో సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ న్యూజిలాండ్ రగ్బీ వ్యాపార విభాగంలో వాటా కొనాలన్నా వాటి ఆమోదం తప్పలేదు. మరుసటి ఏడాది ఓ స్వతంత్ర సమీక్ష వచ్చింది. బోర్డును పూర్తిగా స్వతంత్ర నిపుణులతో నింపాలని సూచించింది. 2024 మే 30న ఓటింగ్ పెడితే యూనియన్లు దాన్ని తోసిపుచ్చాయి. బోర్డులో కనీసం ముగ్గురికి ప్రావిన్షియల్ రగ్బీ అనుభవం ఉండాలన్న తమ సొంత ప్రతిపాదననే నెగ్గించుకున్నాయి. అది మంచిదా చెడ్డదా అని అక్కడ ఇప్పటికీ వాదులాడుకుంటారు. కానీ ఊరి క్లబ్బుల తరఫున మాట్లాడే గొంతుకు అక్కడ ఓటుంది. మన దగ్గర రాష్ట్ర సంఘం మాట జాతీయ సమాఖ్యలో చెల్లుతుంది, ఫ్రాంచైజీ బోర్డు గదిలో కాదు.

క్లబ్బు డబ్బుల గురించి మన దేశంలోనే ఓ పాత ముచ్చట ఉంది. 1870ల్లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ అనే రగ్బీ క్లబ్ సభ్యులు తగ్గిపోయి మూతపడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఆడుకునే కలకత్తా కప్ అదే. ఖాతా మూసేటప్పుడు అంత శుభ్రంగా లెక్క తేల్చిన క్రీడా సంఘం మళ్లీ కనపడితే చెప్పండి!

ప్రభుత్వ సొమ్ము, మీ కంపెనీ సొమ్ము

ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీ 2016 రియోలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆర్‌పీఎల్ ఆడేదీ ఈ రకమే. పతకం వచ్చే ఆటైతేనే ప్రభుత్వాలు చెయ్యి చాస్తాయి. 2021లో ఒడిశా ప్రభుత్వం జాతీయ రగ్బీ జట్లకు మూడేళ్ల స్పాన్సర్‌షిప్ ప్రకటించింది. 2025 ఆగస్టులో ఆసియా అండర్-20 సెవెన్స్‌కు బిహార్‌లోని రాజ్‌గిర్ వేదికైంది. తెలంగాణ కూడా అదే ఏడాది కొత్త క్రీడా విధానం తెచ్చి, పారిశ్రామికవేత్తలు, మాజీ క్రీడాకారులతో స్పోర్ట్స్ హబ్ బోర్డు పెట్టింది. మైదానాలకు లోటా అంటే, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలను చూసిన బాలయోగి స్టేడియం హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోనే ఉంది. అది జనం డబ్బుతో కట్టింది.

ఇక సీఎస్‌ఆర్. ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకు బాగా అక్కరకొచ్చే భాగం ఇదే. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు.. వీటిలో ఏ ఒక్కటి దాటినా కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చు చేయాలి. కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో గ్రామీణ, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడలతో పాటు జాతీయ గుర్తింపు ఉన్న క్రీడల శిక్షణ కూడా ఉంది. కాబట్టి ప్రభుత్వ స్కూలు పిల్లలకు రగ్బీ కోచింగ్ ఇప్పిస్తే అది సీఎస్‌ఆర్ లెక్కలోకి వస్తుంది. ఫ్రాంచైజీ జెర్సీ మీద లోగో వేయించుకుంటే రాదు. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను నిబంధనలు స్పష్టంగా పక్కన పెట్టాయి. అలాగే క్యాంపస్‌లో ఉద్యోగులకు మాత్రమే టచ్ రగ్బీ టోర్నీ పెట్టి దాన్ని సీఎస్‌ఆర్ ఖాతాలో రాయడమూ కుదరదు. డబ్బు తీసుకునే సంఘం రిజిస్టర్డ్ సొసైటీయో, ట్రస్టో అయి ఉండి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. చాలా చిన్న ఆటల సంఘాలు ఈ కాగితాల దగ్గరే ఆగిపోతాయి.

కొత్త చట్టం ఏం మారుస్తుంది?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. సమాఖ్యలకు గుర్తింపు ఇవ్వడానికి జాతీయ క్రీడా బోర్డు, తగాదాలు తేల్చడానికి ట్రైబ్యునల్ ఉంటాయి. కార్యవర్గంలో 15 మందికి మించకూడదు, కనీసం నలుగురు మహిళలు ఉండాలి. సామాన్యుడికి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే క్రీడా సంస్థ, ఆ సొమ్ము వాడకం వరకు సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. గ్రాంటు తీసుకోని బీసీసీఐ ఈ నిబంధన నుంచి తప్పించుకుంది. ప్రైవేటు ఫ్రాంచైజీని ఆర్‌టీఐతో అడగలేరు. కానీ దానికి స్టేడియం ఎంత అద్దెకిచ్చారని ప్రభుత్వ క్రీడా సంస్థను అడగొచ్చు.

పిల్లల్ని చేర్చే ముందు

లీగ్ అకాడమీ, ప్రైవేటు టోర్నీ, కార్పొరేట్ కప్.. ఇవన్నీ ఆట నేర్చుకోవడానికి మంచివే. సర్టిఫికెట్ దగ్గరే జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలోని ఆటలను 2020లో 43 నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీ కూడా చేరింది. ఆ కోటాలో అంతర్రాష్ట్ర పోటీలకు ఫారం-2 కావాలి, దాని మీద జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. దేశం తరఫున ఆడితే ఫారం-1, దానిపై సంతకం చేయాల్సింది జాతీయ సమాఖ్య కార్యదర్శి. ఫ్రాంచైజీ సీఈఓ సంతకానికి ఈ ఫారాల్లో చోటు లేదు. కాబట్టి ఫీజు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మీ సంఘానికి రగ్బీ ఇండియా గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ జాబితాలో మీ పేరుందా? రెండింటికీ కాగితం చూపమనండి. చూపకపోతే రగ్బీ ఇండియాకే మెయిల్ పెట్టి అడగొచ్చు. గ్రాంటుల సంగతైతే కేంద్ర క్రీడల శాఖకు ఆన్‌లైన్‌లో ఆర్‌టీఐ పెట్టండి, దరఖాస్తు రుసుము 10 రూపాయలే.