సాంచీ తోరణం: చూడవలసిన తీరు, ఫోటో తీయవలసిన తీరు

భారతదేశ యాత్రకు వెళ్లే మన మారిషస్ తెలుగువారు తిరుపతి, సింహాచలం దర్శించి తిరిగి వస్తుంటారు. వీలున్నవారు మధ్యప్రదేశ్‌లోని సాంచీ కూడా చూడాలని మా మనవి. భోపాల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి మహాస్తూపాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుని కాలాన ఇటుకలతో కట్టగా, తరువాతివారు రాతితో పెంచారు. నాలుగు దిక్కులా తోరణాలు నిలిచినది శాతవాహనుల కాలంలో. పురాణాలు ఆంధ్రులన్నది ఈ రాజులనే.

తోరణమంటే తలుపులున్న వాకిలి కాదు. రెండు చదరపు స్తంభాలు, వాటిపై మూడు అడ్డదూలాలు, అంతే. రాతిపనే అయినా కొయ్యపని పోలిక. ఆ శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. పాదముద్రలు, బోధివృక్షం, ఖాళీ ఆసనమే ఆయనకు గుర్తులు. తూర్పు తోరణం నడిమి దూలంపై రౌతు లేని గుర్రం, దానిపై గొడుగు. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళుతున్నాడన్నమాట. చివర గొడుగు పాదముద్రలపై నిలుస్తుంది, గుర్రం తిరిగివస్తుంది.

తూర్పు తోరణానికి ఉదయం, పడమటిదానికి సాయంకాలం ఫోటో తీయడం మంచిది. ఎండ పక్కవాటుగా పడితేనే చెక్కడపు లోతు తెలుస్తుంది. ముందు దూరం నుంచి స్తూపంతో కలిపి ఒకటి తీసి, తరువాత ఒక్కొక్క దూలం తీయండి. రాతిని తాకరాదు.

దక్షిణ తోరణం వద్ద మాత్రం తొందరపడకండి. పై దూలంలో చెక్కిన స్తూపపు బొమ్మపై బ్రాహ్మీ లిపిలో ఒక శాసనముంది. శ్రీ శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద, వాసిష్ఠి కొడుకు ఆనందుడు ఇచ్చిన దానమని దాని భావం. అదే తోరణపు స్తంభంపై విదిశ దంతపు పనివారు తాము చెక్కినట్లు రాసుకున్నారు. చుట్టూ ఉన్న కంచెరాళ్లపై భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకుల పేర్లు వందలకొద్దీ ఉన్నాయి. రాజుల పేర్లే నిలుస్తాయనుకునేవారు ఇది చూడాలి.

కోరంగి రేవు నుంచి వచ్చి, చెరకు తోటల్లో పనిచేసిన మన తాతముత్తాతలకు రిజిస్టరులో ఒక నంబరు ఇచ్చారు. వారి పేర్లు గుమాస్తాల చెవికి వినబడినట్లు రాయబడ్డాయి. ఆప్రవాసీ ఘాట్ 16 మెట్లమీద వారి పేరు ఒక్కటీ చెక్కి లేదు. ఇంటి పెద్దలకు తెలిసిన పేర్లు కూడా వారితోనే పోతున్నాయి.

కనుక సాంచీలో ఆ అక్షరాలను ఫోటో తీయండి. ఇంటికి వచ్చి పెద్దవారికి చూపించండి. వారి తాత పేరు, నాయనమ్మ పేరు, ఊరి పేరు అడిగి, ఆ ఫోటో వెనుకనే తెలుగులో రాసిపెట్టండి.