చదువుల అప్పు: బిడ్డ చదువుచుండగా పెరుగు వడ్డి

మొన్న కోతలు ముగిసి వడ్లు కళ్ళములనుండి కదలుచున్న దినములలో, వెంకటాచలము దాపునగల యొక గ్రామమునుండి మన సభ్యుడొకాయన బ్యాంకు కాగితమొకటి చేతబట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఆయన కుమార్తె ఇంజనీరింగు చదువు ముగించి సంవత్సరమైనది. ఆ చదువునకై ఏటికొక లక్ష చొప్పున నాలుగేండ్లలో నాలుగు లక్షల రూపాయలు అప్పు తెచ్చిరి. కాగితములో మాత్రము బాకీ 5,40,000 రూపాయలని యున్నది. "తెచ్చినది నాలుగు లక్షలే గదా! చదువు పూర్తియగువరకు కట్టనక్కరలేదని వారే చెప్పిరి. ఈ లక్షా నలువది వేలు ఎక్కడివి?" అని ఆయన ప్రశ్న.

మేము లెక్క వేసి చూచితిమి. బ్యాంకువారి లెక్కలో పొరపాటు లేదు. "ఇప్పుడు కట్టనక్కరలేదు" అను మాటను ఆయన "ఇప్పుడు వడ్డి లేదు" అని గ్రహించియుండెను. అట్లు గ్రహించినవారు ఆయన యొక్కరే కారు గనుక, ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయ సంకల్పించితిమి.

రైతునకు అప్పు క్రొత్తది కాదు. క్రొత్తది కాకపోవుటయే ఇచ్చట చిక్కు తెచ్చినది. మనకు తెలిసినది పంటఋణము. అది పైరుతో పుట్టి పైరుతో ముగియును. మూడు లక్షల రూపాయలవరకు నూటికి 7 వంతున వడ్డి, గడువులోపల తీర్చినవానికి మరి 3 తగ్గి 4 వంతుననే పడును. తుపాను వచ్చి పైరు పోయినచో గడువు పొడిగించుటకు నియమములు కలవు. వాయిదా మీరినను, స్వల్పకాలపు పైరుల విషయమున, రెండు పంటకాలములు గడచువరకు దానిని మొండిబాకీలలో చేర్చరు. చదువుల అప్పునకు ఈ మర్యాదలేవియు లేవు. దానికి వానలతోను కోతలతోను సంబంధము లేదు. వాయిదా నెలనెలకు వచ్చును. తొంబది దినములు మీరినచో మొండిబాకీయే. పంటఋణమునకు అలవాటుపడిన మనస్సుతో "కోతలు కానిమ్ము, ఒక్కసారిగా కట్టుదము" అని కూర్చున్న తండ్రికి ఆ తొంబది దినములు తెలియకయే గడచిపోవును.

చదువునకు అప్పు తెచ్చుట మన పెద్దల కాలమున అరుదు. మన మండలములోని సర్వేపల్లి గ్రామనామమును ఇంటిపేరుగా గల రాధాకృష్ణ పండితుడు విద్యార్థి వేతనములతోనే చదువు సాగించి దేశమునకు రాష్ట్రపతి యయ్యెను. 1963లో కేంద్ర ప్రభుత్వము ప్రతిభగల పేద విద్యార్థులకు అప్పురూపమున వేతనములిచ్చు పద్ధతి నొకదానిని ఆరంభించెను. బ్యాంకులన్నియు ననుసరించుటకు తగిన మాదిరి పథకమును భారతీయ బ్యాంకుల సంఘము సిద్ధపరచినది 2001లో. దానిని 2015లో సవరించిరి. నేడు మన పిల్లలు తెచ్చుచున్న అప్పులలో చాలవరకు ఆ మాదిరిని బట్టియే నడచుచున్నవి.

దాని ప్రకారము నాలుగు లక్షలవరకు ఆస్తి తాకట్టు గాని బయటివారి జామీను గాని అక్కరలేదు. ఏడున్నర లక్షలు దాటిన అప్పునకు ఆస్తి హామీ చూపవలెను. అయితే ఎంత చిన్న అప్పైనను తండ్రియో తల్లియో విద్యార్థితోపాటు చేవ్రాలు చేయుదురు. ఆ చేవ్రాలు సాక్షి చేవ్రాలు కాదు. బిడ్డతో సమానముగా తామును ఋణస్థులమని ఒప్పుకొనుట. వాయిదాలు తప్పినచో ఆ మచ్చ బిడ్డ పేరనేగాక తండ్రి పేరను ఋణచరిత్రలో, అనగా జనులు సిబిల్ అని వాడుకగా చెప్పుకొను లెక్కలో, పడును. మరునాడు ఆయన ట్రాక్టరునకో పాడిపశువులకో అప్పు కోరిపోయిన యెడల అదియే మొదట ఎదురగును.

ఇక వడ్డి సంగతి. చదువు కాలమును, ఆపై ఒక సంవత్సరమును విరామముగా ఇత్తురు. ఈ విరామమునందు వాయిదా లేదు గాని వడ్డి కలదు. అది చక్రవడ్డి కాదు, బారువడ్డియే. విరామము ముగిసిన దినమున ఆ పోగుపడిన వడ్డినంతయు అసలులో కలిపి, అచ్చటినుండి నెలవాయిదాలు కట్టుదురు. అనగా ఆనాటినుండి వడ్డికి వడ్డి మొదలగును.

మన సభ్యుని లెక్కనే చూడుడు. వడ్డి నూటికి 10 అనుకొందము. బ్యాంకును బట్టియు కాలమును బట్టియు ఇది కొంత మారును; ఆడపిల్లలకు అర వంతు తగ్గించు బ్యాంకులును కలవు. మొదటి యేట తెచ్చిన లక్షపై అయిదేండ్లకు 50,000, రెండవ లక్షపై 40,000, మూడవదానిపై 30,000, నాలుగవదానిపై 20,000, మొత్తము 1,40,000. ఆయన యడిగిన లక్షా నలువది వేలు ఇవియే.

దీనిని ఏటికేడు తీర్చియుండిన ఎంత భారమగును? మొదటి యేడు 10,000, రెండవ యేడు 20,000, మూడవ యేడు 30,000, చివరి రెండేండ్లు నలువదేసి వేలు. రూపాయలలో చెప్పిన రైతునకు బరువు తెలియదు గనుక వడ్లలో చెప్పెదము. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము వడ్లకు ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కను పుట్టి ఇరువది వేలకు పైచిలుకు. (కళ్ళములో ఆ ధర చేతికి వచ్చిన సంవత్సరములెన్నియో, రాని వెన్నియో రైతునకే యెరుక.) అనగా మొదటి యేట అర పుట్టి, రెండవ యేట పుట్టి, మూడవ యేట పుట్టిన్నర, ఆపై ఏటికి రెండేసి పుట్లు. అయిదేండ్లలో ఏడు పుట్ల వడ్లు.

ఈ ఏడు పుట్లు అప్పటికప్పుడు వేసినచో, చదువు ముగిసి సంవత్సరమైననాడు బాకీ నాలుగు లక్షలే యుండును. పదేండ్లలో తీర్చుటకు నెలవాయిదా సుమారు 5,286 రూపాయలు. వేయకున్నచో అయిదు లక్షల నలువది వేలపై నెలవాయిదా 7,136. పదేండ్లకు మొత్తము లెక్కించిన, ముందు కట్టిన వడ్డిని కలుపుకొని చూచినను, వ్యత్యాసము 82,000 రూపాయలు. పైగా చదువు కాలమున వడ్డిని తప్పక చెల్లించినవారికి ఒక వంతు వడ్డి తగ్గింపు నీయవచ్చునని ఆ మాదిరి పథకములోనే కలదు. అప్పు తెచ్చుకొనునాడే ఆ మాట అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను.

మన సభ్యుడు ఇంకొక మేలును పోగొట్టుకొనెను. కుటుంబము యొక్క వార్షికాదాయము నాలుగున్నర లక్షలలోపల నున్నవారికి, సాంకేతిక, వృత్తివిద్యలు గుర్తింపుగల కళాశాలలలో చదువునప్పుడు, ఈ విరామకాలపు వడ్డిని కేంద్ర ప్రభుత్వమే భరించు పథకము 2009-10 నుండి కలదు. ఆయన ఆదాయము ఆ పరిమితికి చాల దిగువ. కాని ఆదాయ ధ్రువపత్రమును బ్యాంకునకు సమర్పింపలేదు. సమర్పింపవలెనని ఎవరును చెప్పలేదట. గడువు దాటిన సంవత్సరములకు మరల రాబట్టుట కష్టము. ఒక్క కాగితము లేక లక్షా నలువది వేలు! ఈ మేలును పొందువారు చదువు నడుమ మానినచో, అనారోగ్యము కారణమైననే తప్ప, అది నిలిచిపోవునని కూడ తెలిసికొనవలెను. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము అంగీకరించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకమున, ఎంపికైన ఉత్తమ విద్యాసంస్థలలో చేరినవారికి, ఆదాయము ఎనిమిది లక్షలవరకున్నను, పది లక్షల అప్పువరకు విరామకాలమున మూడు వంతుల వడ్డి రాయితీ కలదు. పిల్లవాడు చేరిన కళాశాల ఆ పట్టికలో నున్నదో లేదో చేరికనాడే విచారింపుడు.

అప్పే కొంత తగ్గించుకొనుటకును దారి కలదు. మన మండలమునందే కాకుటూరు చెంత 2008లో స్థాపితమైన విక్రమసింహపురి విశ్వవిద్యాలయము కలదు. తన కోరిన చదువు ఇచ్చట దొరకు బిడ్డ ఇంటినుండి పోయివచ్చిన యెడల హాస్టలు పద్దు అప్పులో చేరదు. దూరపు కళాశాల గొప్పదని పోవువారిని మేము కాదనము; పేరు మాత్రమే గొప్పదైనచోటికి అప్పు చేసి పంపుట మాకు సమ్మతము కాదు.

వాయిదాలు ఆరంభమైన పిమ్మట జరుగు పొరపాట్లలో మిక్కిలి చెడ్డది బయటి వడ్డికి తెచ్చి బ్యాంకునకు కట్టుట. ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డి యనగా ఏటికి 24. పదింటి అప్పును తీర్చుటకు ఇరువది నాలుగింటి అప్పు చేయుట యెందులకని యడిగిన, బ్యాంకువారు ఇంటికి వచ్చిన పరువు పోవునని చెప్పుదురు. బిడ్డకు ఉద్యోగము దొరకలేదని, ఉన్నది పోయినదని, తొంబది దినములు కాకమునుపే బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపుటలో పరువు తక్కువ లేదు. ఉద్యోగము లేని కాలమునకు రెండు మూడు పర్యాయములు గడువీయవచ్చునని 2015 నాటి సవరణలో కలదు. ఆ గడువు అడిగినవారికే దొరకును. ఆ కాలమున వడ్డి మాత్రము నిలువదు. అర్జీ నకలుపై ముద్ర వేయించుకొని దాచుకొనుట మరువరాదు.

మాఫీకై వేచియుండుటయు నొక పొరపాటే. 2014లో మన రాష్ట్రమున కుటుంబమునకు లక్షన్నర పరిమితితో ఋణమాఫీ ప్రకటించినపుడు చదువుల అప్పుకూడ పోవునని తలచి వాయిదాలు మానినవారు కలరు. అది పంటఋణములకు ఉద్దేశించినది. చదువుల అప్పులకు కాదు. మానినవారికి మిగిలినది వడ్డియు, మచ్చయు.

మన సభ్యుని కథకు వత్తము. పోగైన వడ్డిని తగ్గించు ఉపాయము మాకును దొరకలేదు. తీర్చుటకు పదేండ్లా, పదునైదేండ్లా అని ఆలోచించితిమి. పదునైదేండ్లైన నెలకు 5,803 రూపాయలే గాని మొత్తము పది లక్షల నలువది నాలుగు వేలు దాటును. పదేండ్లైన మొత్తము ఎనిమిది లక్షల యేబదియారు వేలు. కాని ఆ పిల్లకు చెన్నైలో దొరకిన జీతము పదునెనిమిది వేలు; గది అద్దెయు తిండియు పోగా నెలకు ఏడు వేలు కట్టగలదని మాకు నమ్మకము కలుగలేదు. కావున పదునైదేండ్ల గడువే వ్రాయించితిమి. మారు వడ్డిగల ఇట్టి అప్పును ముందుగా తీర్చినవారివద్ద అపరాధరుసుము తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే ఉత్తరువు చేసియున్నది. నెలవాయిదా పిల్ల కట్టును. కోతలనాడు పుట్టి వడ్ల వెల, అనగా ఇరువది వేలు, ఏటికొకసారి తండ్రి అదనముగా వేయును. వాయిదా తగ్గింపక గడువునే తగ్గింపుడని బ్యాంకునకు వ్రాసియిచ్చితిమి. ఈ విధముగా నడచినచో పదునైదేండ్ల అప్పు సుమారు తొమ్మిదిన్నర యేండ్లలో తీరును. ఆదాయపు పన్నును పాత పద్ధతిని చెల్లించు స్థితి ఆ పిల్లకు వచ్చినచో, కట్టిన వడ్డిని ఎనిమిదేండ్లవరకు ఆదాయమునుండి మినహాయించుకొనవచ్చును.

ఈ జూనులో ఆయన రెండవవాడు కాలేజీలో చేరవలసియున్నది. ఆదాయ ధ్రువపత్రమునకై ఆయన ఇప్పుడే గ్రామ సచివాలయమున అర్జీ పెట్టుకొనియున్నాడు. ఎడగారు పైరు చేతికి వచ్చిన వెంటనే మొదటి యేటి వడ్డికై అర పుట్టి వడ్లు వేరుగా ఉంచెదనని మాతో చెప్పి, కాగితములు మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళెను.